జడ్జి కుర్చీ ఎక్కిన అన్నా చాందీ

ఆడది కోర్టు మెట్లెక్కితే వింతగా చూసే రోజులవి.

అన్నా చాందీ 1905లో తిరువనంతపురంలో పుట్టింది. అప్పుడది తిరువాన్కూరు రాజ్యం, ఇప్పుడు కేరళ. ఆమె లా చదివి వకీలయింది. ఆడవాళ్లకూ సర్కారు ఉద్యోగాలు ఇవ్వాలని వాదించింది.

1931లో చట్టాలు చర్చించే ప్రజాసభకు పోటీ చేసింది. గిట్టనివాళ్లు చెడ్డమాటలు పుట్టించారు. ఓడిపోయింది. అయినా ఇంట్లో కూర్చోలేదు. ఆ నిందలను గట్టిగా ఖండించింది. 1932లో గెలిచింది.

1937లో మున్సిఫు, అంటే కింది కోర్టు జడ్జి అయింది. 1948లో జిల్లా జడ్జి, 1959లో కేరళ హైకోర్టు జడ్జి అయింది. మన దేశంలో హైకోర్టు జడ్జి అయిన మొదటి మహిళ ఆమే. 1996లో చనిపోయింది.

అక్కల్లారా! మీ ఊళ్లో ఆడమనిషి సర్పంచిగా నిలబడితే ఇలాంటి మాటలే పుడతాయా? అప్పుడు మీరేం చేస్తారు? అందరూ కూర్చుని మాట్లాడుకోండి.