పూలను అదిమి ఆరబెట్టే విద్య

శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు సన్నని ఖాదీకి ప్రసిద్ధి చెందినది. అక్కడి స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రపరుస్తారు. ఆ పిమ్మట గింజను తీసి, దూదిని ఏకి, నూలు వడుకుతారు. ఆ వస్త్రం తరాలు దాటి నిలువవచ్చు గాని, దానికి మూలమైన పత్తిపువ్వు ఆయుష్షు బహుస్వల్పం. సాధారణంగా విచ్చిననాడు లేత పసుపుగానో తెల్లగానో ఉండే ఆ పువ్వు మరునాటికి గులాబివన్నెకు తిరిగి, వాడిపోతుంది. అటువంటి పువ్వును సైతం ఏళ్ల తరబడి నిలుపుకొనే ఉపాయం ఒకటున్నది. పూలను అదిమి ఆరబెట్టడమే ఆ ఉపాయం.

పువ్వు చెడిపోవడానికి ముఖ్యకారణం దానిలోని నీరు. తేమ ఎంత త్వరగా తొలగితే రంగు అంత చక్కగా నిలుస్తుంది. కాబట్టి పలుచని రేకులు గల శంఖపుష్పం, కాగితంపూలు ఈ పనికి అనుకూలమైనవి. ముద్దబంతి వంటి దళసరి పూలను రేకులుగా విడదీసి ఆరబెట్టాలి. తామర వంటి నీటిపూలు ఆరడం కష్టం. ఉదయం మంచుతడి ఆరిన తరువాతనే పూలను కోయాలి.

కోసిన పూలను ఒకదానికొకటి తగులకుండా పాత వార్తాపత్రికల మడతల నడుమ పరచాలి. నునుపైన కాగితం తేమను పీల్చదు. బట్ట తేమను పీల్చినా, ఎంత సన్ననిదైనా దాని నేత గుర్తు రేకుపై పడుతుంది. ఆ మడతలపై బరువైన పుస్తకాలు ఉంచి, మొదటి నాలుగైదు రోజులు ప్రతిదినం కాగితాలు మార్చాలి. సముద్రతీరపు గాలిలో, ముఖ్యంగా వానకాలంలో, ఈ నియమం తప్పితే బూజు పడుతుంది. రెండు మూడు వారాలకు పువ్వు పెళుసుగా ఆరుతుంది. అంచు పట్టి ఎత్తినపుడు రేకు వంగకపోతే పని పూర్తయినట్లే.

ఆరిన పూలను పలుచని జిగురుతో అట్టపై అంటించి శుభాకాంక్షల పత్రాలు, పుస్తకాలలో ఉంచుకొనే గుర్తుపట్టీలు చేయవచ్చు. అద్దం బిగించి పటంగా కూడా కట్టవచ్చు. అయితే ఎండ సోకితే రంగు వెలసిపోతుంది.

ఈ చిన్న విద్యే వృక్షశాస్త్రానికి పునాది అయింది. పదునెనిమిదవ శతాబ్ది చివర సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలపై మూడు సంపుటాల గ్రంథం రచించాడు. 300 చిత్రాలతో అది 1795 నుండి 1820 వరకు వెలువడింది. మొక్కల తెలుగు పేర్లను కూడా అతడు నమోదు చేశాడు. మన సోమిద చెట్టు పేరు నేటికీ దాని శాస్త్రనామంలో ‘సొయ్‌మిడా’గా నిలిచి ఉన్నది.

పొందూరు ఖాదీకి ఆధారమైన కొండపత్తి, ఎర్రపత్తి వంటి నాటురకాల సాగు తగ్గుతూ వచ్చింది. మొక్క కనుమరుగైతే దాని పేరూ మరుగునపడుతుంది. ఆరిన పత్తిపువ్వు పక్కన స్థానికులు పిలిచే పేరు, దొరికిన ఊరు, కోసిన తేదీ వ్రాసి ఉంచితే అది వట్టి అలంకారం కాదు, ఒక సాక్ష్యం. పత్తిచేలో ఒక పువ్వు కోస్తే ఒక కాయ తగ్గుతుంది. కాబట్టి రైతును అడిగి ఒక్క పువ్వే కోయాలి. దాని పేరును కూడా అతనినే అడిగి వ్రాసుకోవాలి.