పన్నెండు వారాల మాత్ర

పొద్దున లేచేసరికి పిల్లాడి కళ్లు ఉబ్బి ఉంటాయి. సాయంత్రానికి ఆ ఉబ్బు పాదాల్లోకి దిగుతుంది. నాలుగు రోజులకు పొట్ట పెరుగుతుంది, మూత్రం నురగ కడుతుంది. డుంబ్రిగుడ కొండ మీది తల్లి మొదట ఏ పురుగో కుట్టిందనుకుంటుంది, తర్వాత ఊళ్లో నాటువైద్యం చేసే దిసారిని అడుగుతుంది, ఆ తర్వాతే అరకు ఆసుపత్రి. అక్కడి నుంచి పాడేరో, ఘాట్ రోడ్డు దిగి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని విశాఖ కేజీహెచ్చో. ఇంత తిరిగాక చేతికొచ్చేది ప్రెడ్నిసొలోన్ మాత్ర. అది స్టెరాయిడ్ అని తెలియగానే, కిడ్నీలు పాడైపోతాయని ఎవరో ఒకరు అంటారు.

అమ్మా, ఈ జబ్బులో సంగతి వేరు. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటే కిడ్నీలోని జల్లెడ వదులై, రక్తంలో ఉండాల్సిన ప్రొటీను మూత్రంలోకి జారిపోవడం. ఆ కారడాన్ని ఆపేదే ఈ మాత్ర. పదిమంది పిల్లల్లో ఎనిమిది, తొమ్మిదిమందికి పనిచేస్తుంది. రక్తపరీక్షలో యూరియా ఒక్కటే కాస్త పెరిగితే ఈ మందు వల్ల కూడా కావచ్చు. క్రియాటినిన్ ఎలా ఉందో డాక్టరుగారినే అడగండి.

మొదటిసారి వచ్చినప్పుడు మామూలుగా ఆరు వారాలు రోజూ, మరో ఆరు వారాలు రోజు విడిచి రోజు వేస్తారు. మోతాదు బిడ్డ బరువును బట్టి. చిక్కంతా ఇక్కడే. చాలామందికి రెండు మూడు వారాల్లోనే వాపు పోతుంది. బిడ్డ ఆడుకుంటుంటే మందెందుకనిపిస్తుంది, పైగా కాఫీ కోతల రోజులు. కానీ కిడ్నీ నెత్తిన టోపీలా ఓ చిన్న గ్రంథి ఉంటుంది. ఒంటికి కావలసిన స్టెరాయిడ్‌ను రోజూ తయారుచేసేది అదే. బయటినుంచి మందు వస్తుంటే అది నిద్రపోతుంది. మాత్ర ఉన్నట్టుండి మానేస్తే ఆ గ్రంథి వెంటనే లేవలేదు, బిడ్డ నీరసంతో, వాంతులతో పడిపోవచ్చు. దిసారి దగ్గరకు వెళ్తానంటే నేను కాదనను. మాత్ర మాత్రం ఆపకండి. రోజు విడిచి రోజు లెక్క తప్పకుండా గోడ మీద బొగ్గుతో గీత పెట్టుకోండి.

ఉదయం ఏదైనా తిన్నాకే మాత్ర వేయండి. ఆకలి విపరీతమవుతుంది, మొహం గుండ్రమవుతుంది, చీటికీమాటికీ అలుగుతాడు. మందు తగ్గేకొద్దీ ఇవీ తగ్గుతాయి. వాపు ఉన్నన్నాళ్లూ చోడి అంబలి పెట్టండి, అందులోకి ఉప్పుచేప, ఊరగాయ వద్దు. సంతలో ఉప్పుచేప చూసి మారాం చేస్తాడు, తెలుసు.

జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు, మూత్రం తగ్గడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. ఇంట్లో, హాస్టల్లో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే బిడ్డ ఒంటిమీద పొక్కు లేకపోయినా ఆ రోజే ఆసుపత్రిలో చెప్పండి. టీకా వేయించేముందు కూడా ఈ మందు సంగతి చెప్పాలి.

ఇంకో మాట. గజ్జి పుండ్ల తర్వాత మొహం వాచి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అది వేరే జబ్బు. పక్కింటి బిడ్డకు మిగిలిన మాత్రలు దానికి వేయకూడదు. ఊళ్లో ఎవరైనా వాపుకు డెక్సా ఇంజెక్షన్ పొడుస్తామన్నా వద్దనండి, ముందు మూత్రపరీక్ష జరగాలి.

మాత్రలు అయిపోవడానికి వారం ముందే ఆశా అక్కకు చెప్పి ఉంచండి. వానల్లో దారి తెగితే తెచ్చుకోవడం కష్టం.