గోడ దూకినవాడి మీద గురి పెట్టొచ్చా?

ప్రశ్న: బంగారం వ్యాపారం మాది. లైసెన్సు రివాల్వరు ఉంది. రాత్రి దొంగ పడి, ఖాళీ చేతులతో గోడ దూకి పారిపోతుంటే కాల్చవచ్చా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దండీ. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షన్ చీకటి పడ్డాక తలుపు పగలగొట్టి చొరబడ్డవాణ్ని ఆపే క్రమంలో వాడి ప్రాణం పోయినా మిమ్మల్ని కాపాడుతుంది. అయితే 43వ సెక్షన్ ప్రకారం ఆ హక్కు వాడు లోపల ఉన్నంతసేపే. గోడ దాటాడా, అయిపోయింది. లోపలున్నా అవసరానికి మించి హాని చేయకూడదని 37వ సెక్షన్. వీపున తగిలిన తూటాకు మీ వకీలు ఎంత కథ చెప్పినా కష్టమే.

ప్రాణం మీదికొచ్చి కాల్చాల్సి వస్తే, ప్రమాదం తప్పగానే ఆపండి. 112కు, గాయపడ్డవాడి కోసం 108కి మీరే ఫోన్ చేయండి. రక్తం తుడవకండి, రివాల్వరులో మిగిలిన ఖాళీ తూటా గొట్టాలు తీయకండి. మీ మాట నిజమని చెప్పేవి అవే. పోలీసులు వచ్చేసరికి రివాల్వరు బల్లమీద, మీ చేతులు ఖాళీగా ఉండాలి. జరిగింది రెండు ముక్కల్లో చెప్పి వకీలును పిలిపించుకోండి. ఆత్మరక్షణేనని చూపే బాధ్యత మీదే. ఆయుధం ఫోరెన్సిక్ ల్యాబుకు పోతుంది, త్వరగా తిరిగొస్తుందనుకోకండి. నిద్ర కూడా అంతే. డాక్టరుకు చూపించుకోవడానికి మొహమాటపడొద్దు.