పవర్ వీడర్ ఇంజన్ నీలిపొగ వదులుతుంటే: విప్పడానికి ముందు చూడవలసినవి

జీడిమామిడి పూత పిందెగా మారే రోజులలో ఉద్దానం రైతుకు తీరిక ఉండదు. గింజలు రాలడం మొదలయ్యేలోగా చెట్ల కింద గడ్డి, తుప్పలు తొలగించి నేలను శుభ్రం చేయాలి. లేనిచో రాలిన గింజ కంటికి ఆనదు, ఏరే కూలీల ఖర్చు పెరుగుతుంది. పలాస, వజ్రపుకొత్తూరు, మందస ప్రాంతాలలో ఈ పనికి పవర్ వీడర్లు, గడ్డి కోసే యంత్రాలు ఎంతో అక్కరకు వస్తాయి. సరిగ్గా ఆ రోజులలోనే ఇంజన్ నీలిపొగ వదులుతూ ఆయిల్ తాగడం మొదలుపెడితే, ముందుగా వినిపించే మాట "రింగులు పోయాయి, బోరు చేయించాలి" అన్నదే. ఇంజన్ షెడ్డుకు చేరి తిరిగి వచ్చేసరికి అదను దాటిపోతుంది. అయితే పొగ వదిలే ప్రతి ఇంజన్‌కూ రింగులు అరిగి ఉండవు. పైసా ఖర్చు లేకుండా సరిచేయగల కారణాలు కొన్ని ఉన్నాయి. వాటిని చూడకుండా ఇంజన్ విప్పరాదు.

ఇక్కడ చెప్పేది ఆయిల్ విడిగా పోసే ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజన్ల గురించి. పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్లలో కొద్దిపాటి పొగ సహజం. అక్కడ పొగ ఎక్కువైతే మొదట చూడవలసింది మిశ్రమం పాళ్లనే. 50:1 అని సూచించిన యంత్రానికి లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ చాలును.

ముందుగా పొగ రంగు గమనించాలి. నల్లని పొగ ఆయిల్‌ది కాదు. చోక్ పూర్తిగా తెరుచుకోకపోయినా, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా పెట్రోలు అధికమై వచ్చేది. నీలం లేదా నీలం కలిసిన తెల్లని పొగ, ఘాటైన కమురు వాసన ఉంటే ఆయిల్ కాలుతున్నట్లు గుర్తించాలి.

ఆ ఆయిల్ సిలిండరులోకి ఎలా చేరింది అన్నదే అసలు ప్రశ్న. దీనికి మన ప్రాంతంలో తరచుగా పట్టించుకోని కారణం రవాణా. యంత్రాన్ని ఆటోలోనో ట్రాలీలోనో పక్కకు పడుకోబెట్టి తీసుకువెళ్తారు. అప్పుడు ఆయిల్ గదిలోని ఆయిల్ రింగుల సందుల గుండా సిలిండరులోకి, బ్రీదరు గొట్టం గుండా ఎయిర్ ఫిల్టరులోకి, కార్బురేటరులోకి పారుతుంది. దింపి స్టార్ట్ చేయగానే దట్టమైన పొగ వస్తుంది. మరమ్మతుకు తీసుకువెళ్లిన ప్రయాణమే కొత్త లక్షణాన్ని తెచ్చిపెట్టడం విచిత్రమే అయినా, అరుదు కాదు. ఇలా జరిగితే యంత్రాన్ని నిటారుగా కొంతసేపు ఉంచి, ఆయిల్ మట్టం సరిచూసి, ఆయిల్‌లో తడిసిన ఫిల్టరును శుభ్రపరచి నడపాలి. సైలెన్సరులో మిగిలిన ఆయిల్ కాలిపోయాక పొగ దానంతట అదే తగ్గుతుంది. తాడు లాగినప్పుడు బిగుసుకుపోయినట్లుంటే బలవంతం చేయరాదు. ప్లగ్గు తీసి, దాని వైరును దూరంగా ఉంచి, నాలుగైదుసార్లు మెల్లగా లాగితే సిలిండరులో నిండిన ఆయిల్ బయటకు వస్తుంది. ఆ సమయంలో ముఖం ప్లగ్గు రంధ్రానికి ఎదురుగా ఉండరాదు. తప్పనిసరై యంత్రాన్ని వాల్చవలసివస్తే కార్బురేటరు, ఎయిర్ ఫిల్టరు ఉన్న వైపు పైకి ఉండేలా వాల్చాలి. సాలూరు, పాచిపెంట వైపు ఏటవాలు చేలలో అడ్డంగా నడిపేటప్పుడు కూడా ఇదే ఇబ్బంది ఎదురవుతుంది. ఎంత వాలు వరకు నడపవచ్చునో యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

రెండవది ఆయిల్ ఎక్కువ కావడం. హోండా జి.ఎక్స్. 160 వంటి ఇంజన్‌కు పట్టేది సుమారు 600 మిల్లీలీటర్లు మాత్రమే. "మరికొంత పోస్తే ఇంజన్‌కు బలం" అన్న భావన ట్రాక్టరుకూ పనికిరాదు, దీనికి అసలే పనికిరాదు. యంత్రాన్ని సమతలంపై నిలిపి, ఇంజన్ చల్లారాక కొలపుల్లతో చూడాలి. పుల్లను మరతిప్పి చూడాలా, ఊరికే దించి చూడాలా అన్నది ఇంజన్‌ను బట్టి మారుతుంది. ఇందులో పొరపాటు జరిగితే మట్టం తప్పుగా కనిపిస్తుంది.

పోయకుండానే మట్టం పెరిగితే అది మరింత ప్రమాదకరం. పుల్లను వాసన చూడాలి. పెట్రోలు వాసన వస్తే, కార్బురేటరులోని ఫ్లోటు సూది సరిగా మూసుకోక ట్యాంకులోని పెట్రోలు ఆయిల్ గదిలోకి దిగుతున్నదన్నమాట. పలుచబడిన ఆయిల్ పొగ రూపంలో పోవడమే కాక, బేరింగులను కాపాడలేదు. అలాంటి ఇంజన్‌ను ఒక్క నిమిషం కూడా నడపరాదు. సూదిని సరిచేసి, ఆయిల్ పూర్తిగా మార్చిన తరువాతే స్టార్ట్ చేయాలి. పని ముగిసిన వెంటనే పెట్రోల్ ట్యాపు కట్టేసే అలవాటుతో ఈ నష్టాన్ని చాలావరకు నివారించవచ్చు.

మూడవది బ్రీదరు. పిస్టన్ కదలికతో ఆయిల్ గదిలో పెరిగే ఒత్తిడిని ఇది బయటకు వదులుతుంది. దుమ్ముతో, జిడ్డుతో మూసుకుపోతే ఆ ఒత్తిడి ఆయిల్‌ను రింగుల మీదుగా, సీళ్ల నుంచి బయటకు నెడుతుంది. సీలు దగ్గర కారుతున్నదని సీలు మాత్రమే మార్చితే కొద్దిరోజులకే మళ్లీ కారుతుంది.

ఇవన్నీ సరిగా ఉండి కూడా పొగ ఆగకపోతే అప్పుడు అరుగుదలను అనుమానించాలి. రాత్రంతా ఆగి ఉదయం స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి గుప్పుమని తగ్గిపోయే పొగ వాల్వు గైడు అరుగుదలను సూచిస్తుంది. లోడు మీద ఎడతెగకుండా వస్తూ, శక్తి కూడా తగ్గితే రింగులు, బోరు. కంప్రెషన్ గేజ్ ఉన్న మెకానిక్ దీనిని నిర్ధారించగలడు: ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ వేసి మళ్లీ కొలిచినప్పుడు ఒత్తిడి స్పష్టంగా పెరిగితే లోపం రింగులలో, పెరగకపోతే వాల్వులలో లేదా హెడ్ గ్యాస్కెట్‌లో ఉన్నట్లు.

రింగులే అరిగాయని తేలినా వెంటనే విప్పాలన్న నియమం లేదు. ఉదయం ఆయిల్‌ను గుర్తు వరకు నింపి, అయిదు గంటల పని తరువాత తిరిగి గుర్తుకు తేవడానికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రాసుకోవాలి. ఆ లెక్క రోజురోజుకూ పెరగకుండా, శక్తి తగ్గకుండా ఉంటే, ప్రతి ట్యాంకుకు ఒకసారి ఆయిల్ చూసి నింపుతూ సీజను గడుపుకోవచ్చు. మరమ్మతు ఆ తరువాత చేయించవచ్చు.

బోరు చేయించేటప్పుడు ఎయిర్ ఫిల్టరు పెట్టెను కూడా షెడ్డుకు తీసుకువెళ్లాలి. ఉద్దానం ఇసుక నేలల్లో లేచే ధూళి ఇంజన్‌లోకి పోతే బోరును గరుకు కాగితంలా గీస్తుంది. స్పాంజి ఫిల్టరును సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి, కొద్దిగా ఇంజన్ ఆయిల్ పట్టించి పిండి అమర్చాలి. కాగితం ఫిల్టరును కడగరాదు, మార్చాలి. దుమ్ము రోజులలో ప్రతి సాయంత్రం తీసి చూడటం మంచిది. మూత పగిలినా, అంచు సరిగా కూర్చోకపోయినా, కొత్త రింగులు కూడా పాతవాటిలాగే త్వరలో అరిగిపోతాయి.