సంఘపు పాత లెక్కలు - పాత కంప్యూటరు



క్రొత్తబావిలో నీరు పడకమునుపే పాతబావిని పూడ్చు రైతు మన చిత్తూరు సీమలో లేడు. సంఘపు లెక్కల విషయమునను ఈ తెలివియే కావలయును. 2022వ సంవత్సరము జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు ఒకే తీరు కంప్యూటరు లెక్కల నేర్పఱచుటకు రు. 2,516 కోట్ల పథకము నామోదించెను. అంతకు మునుపే కొన్ని సంఘములు తమకు దొరకిన ప్రోగ్రాములతో లెక్కలు వ్రాసికొనుచుండెను. ఆ పాత పెట్టెలలో నున్నవి మీ యప్పులు, మీ వాయిదాలు, మీ వాటాధనము. కావున ఇది గుమాస్తా పని యని సభ్యు లూరకుండరాదు.

ప్రోగ్రాము నాగటికఱ్ఱువలె అరుగునది కాదు. దానిని నడపు యంత్రము మాఱుటచేతనే అది నిలిచిపోవును. డాస్ కాలపు ప్రోగ్రాములలో పెక్కులు 16 బిట్ల పద్ధతిని వ్రాయబడినవి. 32 బిట్ల విండోస్ ఎక్స్‌పీ వానిలో చాలవానిని నడపగలదు. 64 బిట్ల విండోస్ నడపజాలదు. కాబట్టి క్రొత్త యంత్రమున పాత ప్రోగ్రాము తెఱచుకొననంతమాత్రమున లెక్కలు నశించినవని భయపడనక్కఱలేదు.

ఏ మరమ్మతునకైనను ముందు చేయవలసిన పని యొకటి గలదు. ప్రోగ్రామును మూసి, దాని లెక్కలున్న ఫోల్డరు నంతయు రెండు పెన్‌డ్రైవులలోనికి నకలు తీయవలయును. ఒకటి సంఘపు బీరువాలో, ఒకటి వేఱొక చోట నుంచవలయును. విత్తనపు కాయలను వేఱుగా దాచిన పిమ్మటనే కదా తక్కినవానిని అమ్ముదుము!

ఇక తఱచుగా వచ్చు చిక్కులను చెప్పుదుము.

మొదటిది తేదీ. మేమెఱిగిన యొక సంఘమున వేరుసెనగ పంటకై యప్పు తీసికొనిన రైతొకడు వాయిదా కట్టవచ్చెను. యంత్రము చూపిన వడ్డీకిని ఆతని చేతిలెక్కకును పొంతన లేదు. రైతు గుమాస్తాను, గుమాస్తా రైతును అనుమానించిరి. మాటలు పెరిగినవి. తుదకు చూడగా యంత్రపు తేదీ యనేక సంవత్సరములు వెనుకకు పోయియుండెను. కంప్యూటరు ఆపియున్నప్పుడు గడియారమును నడపునది లోపలి చిన్న బిళ్ల బ్యాటరీ. పెక్కు యంత్రములలో దానిపై సి.ఆర్. 2032 అని యుండును. అది క్షీణించిన తేదీ తప్పును. బ్యాటరీ మార్చి, తేదీ సరిదిద్దవలయును. తప్పు తేదీతో పడిన పద్దులను చెఱిపివేయక, దిద్దుబాటు పద్దు వ్రాసి కారణము చూపవలయును. ప్రతి ఉదయము మొదటి రసీదునకు ముందే తేదీ చూచుట మేలు.

రెండవది సూచిక చెడుట. పని నడుమ కరెంటు పోయినప్పుడు సభ్యుని పేరు దొరకకపోవుట, పద్దులు తారుమారుగా కనబడుట గలదు. పలుమాఱు చెడినది లెక్క కాదు, దానిని వెదకి యిచ్చు సూచిక ఫైలు మాత్రమే. అనేక ప్రోగ్రాములలో సూచికను తిరిగి కట్టు ఏర్పాటుండును. దానిని మొదట నకలుపై ప్రయోగింపవలయును.

మూడవది తెలుగు పేర్లు. పాత తెలుగు ఫాంటులలో పెక్కులు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములు పెట్టినవి. ఆ ఫాంటు లేని యంత్రమున పేర్లు పిచ్చిగీతలవలె కనబడును. ఫాంటు నెక్కించిన మరల చదువనగును. 1991 నుండి యూనికోడులో తెలుగునకు స్వంత స్థానము గలదు. పేర్లను దానిలోనికి మార్చిన పిదప ఒక్కొక్కటిగ చదివి చూడవలయును.

పాత యంత్రమే చెడిపోయినచో, క్రొత్త కంప్యూటరులో వర్చువల్‌బాక్స్ వంటి సాధనముతో పాత విండోసును ఒక గదిలో నుంచినట్లు నడపవచ్చును. డాస్‌బాక్స్ అనునది ఉచితమే గాని ఆటలకై పుట్టినది. లెక్కల పనికి దానినే నమ్మియుండరాదు. మేము క్రొత్త వంగడమును మొదట ఒక మడిలో పెంచి చూపుదుము గాని పొలమంతయు చల్లుమని చెప్పము. అట్లే దేనినైనను నకలుపై పరీక్షించి, పాత యంత్రపు నిలువలతో సరిచూచిన పిమ్మటనే వాడవలయును.

విండోస్ ఎక్స్‌పీకి దానిని చేసిన మైక్రోసాఫ్టువారు 2014 ఏప్రిల్ 8తో సాధారణముగా రక్షణ సవరణలు నిలిపిరి. అట్టి యంత్రమును ఇంటర్నెట్టునకు తగిలింపరాదు. పెన్‌డ్రైవును సైతము వైరసు పరీక్ష చేసిన తరువాతనే పెట్టవలయును.

తుదకు సభ్యులకొక మాట. లెక్కలు క్రొత్త ప్రోగ్రాములోనికి పోవునాడు ప్రతి సభ్యుని అసలు, వడ్డీ, వాటాధనముల నిలువలను పాత యంత్రమునుండి కాగితముపై అచ్చు తీయింపుడు. మీ పాసుపుస్తకముతోను రసీదులతోను పోల్చుకొనుడు. పైసా తేడా యున్నను ఆనాడే వ్రాతమూలముగ తెలుపుడు. మొత్తములు రెండుచోట్ల సరిపడినవని సర్వసభ్య సమావేశమున చదివించువఱకు పాత పెట్టెను పాతసామానులవానికి అమ్మనీయకుడు. కట్టిన యప్పు కట్టినట్లు చూపు సాక్ష్యము కొన్నియెడల ఆ పెట్టెలోనే యుండవచ్చును.