యంత్రం అసలు ఖరీదు ఒప్పందంలో ఉంటుంది

శ్రీసిటీలోని ఒక కర్మాగారం విదేశం నుంచి కోటి రూపాయల యంత్రం తెప్పించుకుంటోందనుకుందాం. పుస్తకాల్లో దాని విలువ ఎంతని రాయాలి? బీకాం, సీఎంఏ విద్యార్థులు చాలామంది ఇన్వాయిస్ చూసి కోటి అనేస్తారు. ఇన్వాయిస్‌తో పాటు కొనుగోలు ఒప్పందమూ చదివితేనే సరైన జవాబు దొరుకుతుంది.

ముందుగా డెలివరీ షరతు చూడాలి. ఎఫ్‌ఓబీ అయితే సరుకు ఓడెక్కే వరకే అమ్మకందారు భరిస్తాడు. ఆ తర్వాతి ఓడ కిరాయి, బీమా మనవే. సీఐఎఫ్‌లో గమ్యం రేవు దాకా ఆ రెండూ ధరలోనే కలిసి ఉంటాయి. డీడీపీలోనైతే దిగుమతి సుంకమూ అమ్మకందారే కడతాడు. కాబట్టి రెండు కొటేషన్లలో తక్కువ అంకె ఉన్నదే చౌక అనుకోకూడదు. ఈ షరతులకు ప్రస్తుతం ఇన్‌కోటర్మ్స్ 2020 ప్రామాణికం.

మన ఉదాహరణలోని ఒప్పందం ఎఫ్‌ఓబీ అనుకుందాం. ఓడ కిరాయి, బీమా, లారీ రవాణా 4 లక్షలు, తిరిగిరాని కస్టమ్స్ సుంకం 8 లక్షలు, పునాదికి 3 లక్షలు, బిగింపుకు, పరీక్షకు 2 లక్షలు అయితే మొత్తం 1.17 కోట్లు. యంత్రాన్ని పనిచేసే స్థితికి తేవడానికి నేరుగా అయిన ఖర్చులను ఇండ్ ఏఎస్ 16 అనే అకౌంటింగ్ ప్రమాణం ఆస్తి విలువలో కలుపుతుంది. క్రెడిట్ దొరికే ఐజీఎస్టీ అందులో చేరదు. ఆపరేటర్ల శిక్షణ ఖర్చూ చేరదు. అసలు చిక్కు ఇక్కడే. సరఫరా, బిగింపు, శిక్షణ, మూడేళ్ల నిర్వహణకు కలిపి ఒకే మొత్తం రాసుకునే ఒప్పందాలుంటాయి. విడదీయకుండా అంతా ఆస్తిగా చూపితే తరుగుదల లెక్క తప్పుతుంది, దాంతో లాభమూ తప్పుతుంది. మామూలు అరువు గడువు దాటిన వాయిదాల్లో నగదు ధరకు మించి కట్టేది సాధారణంగా వడ్డీ కిందికి వస్తుంది.

ఫిక్స్‌డ్ అసెట్స్ అకౌంటింగ్, పర్చేజ్, ఆడిట్ ఉద్యోగాలు మూడింటికీ ఒప్పందాన్ని ఇలా విడదీసి చదివే నేర్పు కావాలి. తరగతిలో ప్రమాణం చెబుతారు గానీ ఒప్పందం చేతికివ్వడం అరుదు. నాకు ఇది పెద్ద లోటుగా కనిపిస్తుంది. దీన్ని మీరే పూడ్చుకోవచ్చు. సెంట్రల్ పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో యంత్రాల టెండరు ఒకటి డౌన్‌లోడ్ చేసుకుని ధరల పట్టిక, చెల్లింపు షరతులు, వారంటీ పేజీలు చదవండి. ఒక్కో అంశం ఆస్తిలోకి వెళ్తుందా, ఆ ఏడాది ఖర్చులోకా, పన్ను క్రెడిట్‌లోకా అన్నది పక్కనే రాసి, కారణం ఒక వాక్యంలో చెప్పండి. తర్వాత ఇండ్ ఏఎస్ 16లోని 16 నుంచి 23 వరకు పేరాలతో సరిచూసుకోండి. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఆ కాగితాలు ఫైల్లో పెట్టుకోండి.