మోటారు మీది కేవీ అంకెని ఎంతవరకు నమ్మొచ్చు?

బ్రష్‌లెస్ మోటారు కొనేటప్పుడు మన చూపు ముందుగా పడేది కేవీ మీదే. ఇది కిలోవోల్టు కాదు. లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకి మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె. 3500 కేవీ మోటారుకి 2ఎస్ లైపో బ్యాటరీ, అంటే 7.4 వోల్టులు ఇస్తే, లెక్క ప్రకారం 25,900 ఆర్‌పీఎం రావాలి. మా రోబో టీమ్‌లో మోటార్లు చూసుకునే పని నాది. జూనియర్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఆ అంకె నిజమేనా?"

అబద్ధం కాదు. కానీ అది ఆ మోడల్‌కి వేసిన అంకె, మీ చేతిలో ఉన్న మోటారుని కొలిచి వేసింది కాకపోవచ్చు. వైండింగ్ చుట్లు సమానంగా ఉన్నా, మాగ్నెట్ బలంలో, మాగ్నెట్‌కీ స్టేటర్‌కీ మధ్య ఉన్న సందులో కాస్త తేడా వస్తే కేవీ మారిపోతుంది. వేడి సంగతి మరొకటి. నియోడిమియం మాగ్నెట్ ఒక్కో డిగ్రీకి సుమారు 0.1 శాతం బలం తగ్గుతుంది. 50 డిగ్రీలు వేడెక్కితే 5 శాతం. మాగ్నెట్ బలం తగ్గితే కేవీ పెరుగుతుంది, ఆంపియర్‌కి వచ్చే టార్క్ తగ్గుతుంది. పైగా ఈఎస్‌సీలో టైమింగ్ పెంచితే లోడు లేనప్పటి వేగం కూడా పెరుగుతుంది. కాబట్టి ఏ టైమింగ్‌తో కొలిచారన్నది కూడా ముఖ్యమే.

మరి మనమే కొలుద్దామా? ఈసీఈ ల్యాబ్‌లో ఆసిలోస్కోప్ ఉంటే చాలు. పినియన్ తీసేయండి, ఈఎస్‌సీ వైర్లు విడదీయండి. షాఫ్ట్‌ని డ్రిల్లింగ్ మెషీన్‌కి బిగించి, మోటారుని గట్టిగా పట్టే క్లాంప్‌లో పెట్టి నిలకడగా తిప్పండి. మూడు వైర్లలో ఏ రెండింటి మధ్యనైనా ప్రోబ్ పెట్టండి. 4 పోల్ మోటారు అనుకుందాం. స్క్రీన్ మీద 40 హెర్ట్జ్ కనిపిస్తే, పోల్ జతలు రెండు కాబట్టి సెకనుకి 20 చుట్లు, అంటే 1200 ఆర్‌పీఎం. అల పైనుంచి కిందికి 0.7 వోల్టులుంటే శిఖరం 0.35. 1200ని 0.35తో భాగిస్తే సుమారు 3430 కేవీ.

అసలు తిరకాసు ఇక్కడుంది. మామూలు ఆరు మెట్ల పద్ధతిలో ఈఎస్‌సీ నడిపేటప్పుడు మోటారుకి ఎదురయ్యే సగటు వోల్టేజి శిఖరంలో 0.955 వంతే. ఆ లెక్కన కేవీ సుమారు 3590. ఒకే మోటారు, ఒకే కొలత, రెండు జవాబులు! రెండూ తప్పు కాదు. అందుకే రెండు కంపెనీల అంకెల్ని పక్కపక్కన పెట్టి "ఇదే ఫాస్ట్" అని తేల్చేయకూడదు. మన మోటార్లన్నిటినీ మాత్రం ఒకే పద్ధతిలో కొలవాలి.

ఈ 5 శాతానికి ఇంత రాద్ధాంతం ఎందుకంటారా? ఎడమ చక్రాలకొక మోటారు, కుడి చక్రాలకొక మోటారు ఉన్న రోబోని తీసుకోండి. చక్రాల మధ్య దూరం 30 సెంటీమీటర్లు. రెండు మోటార్ల వేగంలో 5 శాతం తేడా ఉంటే, స్టిక్ సూటిగా నొక్కినా రోబో సుమారు 6 మీటర్ల వ్యాసార్ధంతో వంపు తిరుగుతుంది. 3 మీటర్లు వెళ్ళేసరికి దాదాపు ముప్పావు మీటరు పక్కకి! అరీనాలో ఎదుటి రోబోని గుద్దబోయి గోడని గుద్దుతాం. తప్పు డ్రైవర్‌ది అనుకుంటారు పాపం.

నాలుగు మోటార్లు కొంటే నాలుగింటినీ కొలవండి. కేవీ దగ్గరగా ఉన్నవాటిని జత చేసి, కొలిచిన అంకెని మార్కర్‌తో మోటారు మీదే రాసుకోండి. గేర్ నిష్పత్తి ఆ అంకెతోనే లెక్కేయండి, అదీ నిండు బ్యాటరీకి, అంటే 8.4 వోల్టులకి. అందరం చందాలేసుకుని కొన్న ఈఎస్‌సీ కాలిపోయాక లెక్కలు చూసుకునే కన్నా, ల్యాబ్‌లో అరగంట కూర్చోవడం నయం కదా!